ఆరంగుళాల అద్దం డైరీ: ఎక్కడ భయపడాలి, ఎక్కడ అక్కర్లేదు

ప్రాజెక్టు వివరం

ఆరంగుళాల వ్యాసం ఉన్న చదునైన గాజు బిళ్లను చేత్తో అరగదీసి, పాలిష్ పట్టి, న్యూటన్ తరహా టెలిస్కోపుకు పనికొచ్చే పుటాకార దర్పణంగా మార్చాలి. నాభ్యంతరం, అంటే అద్దం నుంచి కాంతి ఒక చోట చేరే బిందువు దాకా దూరం, 1200 మిల్లీమీటర్లు. వ్యాసానికి ఎనిమిది రెట్లు, అంటే ఎఫ్/8. యంత్రాలేమీ లేవు. రెండు గాజు బిళ్లలు, గరుకు పొడులు, నీళ్లు, రెండు చేతులు.

నాకు గాజు పని రాదు. కాంతి శాస్త్రం స్కూల్లో చదివినంత వరకే. ఈ సంగతి చెప్పగానే చాలామంది ఇచ్చిన సలహా ఒకటే: ముందు ఒక టెలిస్కోపు కొనుక్కో, కొన్నేళ్లు వాడు, తర్వాత చిన్న అద్దంతో చెయ్యి తిప్పుకో, ఆ తర్వాత చూద్దాం. చెడ్డ సలహా ఏం కాదు. కాకపోతే ఆ "తర్వాత" ఎప్పుడు మొదలవుతుందో ఎవరూ చెప్పరు. అందుకని నేరుగా దిగాను. ఈ డైరీలో అద్దం ఎలా తయారవుతోందో ఎంత రాస్తానో, ఏ దశలో భయం ఏ రూపంలో వచ్చిందో కూడా అంతే రాస్తాను. కొత్తగా పెద్ద పనికి దిగేవాళ్లకు ఈ రెండోదే ఎక్కువ అక్కరకొస్తుందని నాకనిపిస్తోంది.

మొదలుపెట్టక ముందు

అంకెలు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. దర్పణం నుంచి తిరిగొచ్చే కాంతి తరంగంలో తేడా, ఆ కాంతి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దాటకూడదు. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ పేరు మీద ఉన్న కొలమానం ఇది. ఆకుపచ్చ కాంతికి 550 నానోమీటర్లు అనుకుంటే నాలుగో వంతు 137. ప్రతిఫలనంలో తేడా రెట్టింపవుతుంది కాబట్టి గాజు మీద మనకు దక్కే వెసులుబాటు 70 నానోమీటర్లకు అటూ ఇటూ. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, అందులో వెయ్యో వంతు. అదీ చేత్తో!

కొత్తవాళ్లలో సగం మంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. నేనూ తగ్గేవాణ్ణేమో. ఆ అంకెను పక్కన పెట్టి, అసలు పని ఎలా జరుగుతుందో చదివాక ధైర్యం వచ్చింది. రెండు బిళ్లల మధ్య గరుకు పొడి, నీళ్లు వేసి, పైబిళ్లను ముందుకూ వెనక్కీ నడుపుతూ, దాన్ని తిప్పుతూ, మనం బిళ్లలు పెట్టిన స్టాండు చుట్టూ తిరుగుతూ ఉంటే పైబిళ్ల మధ్యలో, కింది బిళ్ల అంచుల్లో ఎక్కువ అరుగుతుంది. పైది గుంటగా (అదే అద్దమవుతుంది), కిందిది ఉబ్బుగా మారతాయి. రెండు ఉపరితలాలు ఏ దిక్కుకు జరిపినా, ఎలా తిప్పినా ఒకదానికొకటి పూర్తిగా ఆనుకుని ఉండాలంటే అవి గోళంలో భాగాలై ఉండాలి. ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడే రాపిడి, ఎక్కడ రాపిడి ఉంటే అక్కడే అరుగుదల. అంటే ఆ కచ్చితత్వం నా చేతుల నుంచి రానక్కర్లేదు. చెయ్యి ఎంత వంకరగా కదిలితే అంత మంచిది. ఒక వంకర ఇంకో వంకరను కొట్టేస్తుంది.

కొత్తవాళ్లకు ధైర్యం చెప్పేటప్పుడు "నీ వల్ల అవుతుంది" అంటారు. నా మీద నాకే నమ్మకం లేనప్పుడు ఆ మాట ఏం పని చేస్తుంది? ఈ పద్ధతి పనిచేస్తుందన్న నమ్మకం మాత్రం కుదిరింది, ఎందుకంటే కారణం అర్థమైంది. అది చాలు, మొదలుపెట్టొచ్చు.

ఇంకో పని కూడా చేశాను. కాగితం మీద మధ్యలో గీత గీసి, ఎడమవైపు "వెనక్కి తీసుకోగలిగినవి", కుడివైపు "తీసుకోలేనివి" అని రాసి, నన్ను బెదిరిస్తున్న ప్రతి విషయాన్నీ ఎటో ఒకవైపు వేశాను. గుంట ఎక్కువైతే? పైదీ కిందిదీ తారుమారు చేసి అరగదీస్తే తగ్గుతుంది. ఎడమ. ఆకారం గోళంలా రాకపోతే? ఎడమ. గీతలు పడితే? ఎడమ. పాలిష్ చెడితే? అదీ ఎడమే. కుడివైపు చేరినవి కొన్నే: గాజు కింద పడి పగలడం, పొడి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం, పాలిష్‌కు వాడే పిచ్ అనే జిగురు పదార్థాన్ని కరిగించేటప్పుడు మంటలు, తయారైన టెలిస్కోపును పొరపాటున సూర్యుడి మీద పెట్టి చూడటం. ఆశ్చర్యం ఏమిటంటే నాకు నిద్ర పట్టనివ్వనివన్నీ ఎడమవైపున ఉన్నాయి. కుడివైపు వాటి గురించి అప్పటిదాకా పెద్దగా ఆలోచించనేలేదు.

ఈ పనిలో అందరికంటే పేరు మోసిన కొత్తవాడు విలియం హెర్షెల్. వృత్తిరీత్యా సంగీతకారుడు, ఇంగ్లండులోని బాత్ నగరంలో చర్చి ఆర్గాన్ వాయించేవాడు. 1773లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, అద్దాలు తయారుచేయడం మొదలుపెట్టాడు. అప్పట్లో గాజు కాదు, రాగి, తగరం కలిపిన లోహం. 1781 మార్చి 13న యురేనస్‌ను పట్టుకున్నది అతను సొంతంగా చేసుకున్న 6.2 అంగుళాల అద్దంతోనే. నేను చేస్తున్న దానికంటే పిసరంత పెద్దది. అదే ఏడాది ఆగస్టులో మూడడుగుల అద్దానికి ఇంట్లోనే లోహం పోత పోయబోతే, కరిగిన లోహం బయటికి కారి రాతి నేల మీద పడింది. రాళ్లు పేలి పైకప్పు దాకా ఎగిరాయి. అక్కడున్నవాళ్లంతా బతుకు జీవుడా అని బయటికి పరుగెత్తారని చెల్లెలు కరొలైన్ రాసిపెట్టింది. ఒకే మనిషి, ఒకే సంవత్సరం. చేత్తో అరగదీసే పనిలో ఆ తెగింపు అతనికి ఒక గ్రహాన్నిచ్చింది, కాగే లోహం దగ్గర అదే తెగింపు దాదాపు ప్రాణాల మీదికి తెచ్చింది. నా కాగితంలోని రెండు వైపులూ అతని జీవితంలో అంత స్పష్టంగా కనిపిస్తాయి.

80 నంబరు పొడి

మొదటి దశ ముతక కార్బోరండం పొడి, 80 నంబరు (నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నబడుతుంది). దానికి ముందే అంచును చిన్న రాయితో ఏటవాలుగా అరగదీయాలి, లేకపోతే అంచు పెచ్చులూడుతుంది. ఊడిన పెచ్చు తర్వాతి దశల్లో గీతలు పెడుతుంది.

పొడి వేసి మొదటి తోపు తోయగానే వచ్చే చప్పుడు భయంకరంగా ఉంటుంది. గాజును నాశనం చేస్తున్నామన్న భావన ఎవరికైనా కలుగుతుంది. నిజానికి అదే పని: గాజును ఒక పద్ధతి ప్రకారం నాశనం చేయడం. కాసేపటికి రేణువులు నలిగి, చప్పుడు మెత్తబడుతుంది. అప్పుడు తుడిచి, కొత్త పొడి, కొత్త నీళ్లు. దుమ్ము లేవకుండా ఎప్పుడూ తడిగా ఉంచాలి. బురదను కాలువలోకి వదలకూడదు, పైపులో గట్టిపడుతుంది. బకెట్లో పోగుచేస్తున్నాను.

ఎంత గుంట కావాలో ముందే లెక్కుంది. అద్దం వ్యాసార్థం 75 మిల్లీమీటర్లు. వక్రతా వ్యాసార్థం, అంటే ఈ గుంట ఏ గోళంలో భాగమో దాని వ్యాసార్థం, నాభ్యంతరానికి రెట్టింపు, 2400. అద్దం వ్యాసార్థం వర్గాన్ని 2400కు రెట్టింపైన 4800తో భాగిస్తే 1.17 మిల్లీమీటర్లు. అద్దం మీద అడ్డంగా స్కేలు పెట్టి, మధ్యలో 1.2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ వెనక భాగం దూరుతుందా లేదా చూస్తే సరిపోతుంది. గొప్ప పరికరాలేం అక్కర్లేదు.

ఈ దశలో భయం పోయింది. ధైర్యం పెరగడం వల్ల కాదులెండి, చేతులు తీరిక లేకుండా ఉండటం వల్ల. పని చేస్తున్నంతసేపూ టెన్షన్ లేదు. ఆపి, చేతులు కడుక్కుని, మళ్లీ ఎప్పుడో మొదలుపెడదామనుకునే మధ్యకాలంలోనే అది పెరుగుతుంది. వారం ఖాళీ ఇస్తే మళ్లీ స్టాండు దగ్గరికి వెళ్లడానికి మనసొప్పదు. అందుకని ఒక నియమం: ఆపే ముందు తర్వాతి విడతకు కావాల్సినవన్నీ సిద్ధంగా పెట్టి, మొదట చేయాల్సిన చిన్న పనేమిటో చీటీ మీద రాసి ఆపడం. రేపు వచ్చి ఆలోచించాల్సిన పని ఉండకూడదు.

సన్న పొడులు

120, 220, 320, 400, తర్వాత ఇంకా సన్నవి. ప్రతి పొడికీ ఒకటే పని, ముందటి పొడి మిగిల్చిన గుంతలను తీసేయడం. అద్దం మీద పెన్సిల్‌తో అడ్డంగా నిలువుగా గీతలు గీసి కాసేపు రాపిడి చేస్తే, గీతలన్నీ ఒకేసారి చెరిగిపోతే ఆకారం సమంగా ఉన్నట్టు. మధ్యలో ముందు చెరిగితే మధ్య ఎత్తు.

ఇక్కడ కొత్తవాళ్లందరూ వణికిపోయేది గీతల గురించి. నంబరు మారినప్పుడల్లా బకెట్లు, బల్ల, గోళ్ల సందులు, చొక్కా చేతులు అన్నీ కడగాలి. 400 దశలో ఎక్కడి నుంచో ఒక 80 నంబరు రేణువు వచ్చి పడితే గీత ఖాయం. వచ్చింది కూడా. రెండంగుళాల పొడవున, వెలుతురుకు పెడితే స్పష్టంగా కనిపించేంత.

ఈ పని ఎప్పటినుంచో చేస్తున్న ఒక పెద్దాయనను అడిగాను. "ఏమండీ, మళ్లీ 220 నుంచి మొదలుపెట్టమంటారా?"

"ఎందుకు?" అన్నారు.

"గీత పడింది కదండీ."

"గీత వెడల్పెంత? అద్దం వైశాల్యమెంత? భాగించి చూడు. ఆ గీత మీద పడిన కాంతి పక్కకు చెదిరిపోతుంది, అంతే. మిగతా అద్దం పని మిగతా అద్దం చేసుకుంటుంది. నీకు తీసేయాలనిపిస్తే తీసెయ్, అది నీ సరదా. చుక్కలకు మాత్రం పట్టింపు లేదు."

ఈ మాట నాకు చాలా రోజులు పనికొచ్చింది. కంటికి కనిపించే లోపం అద్దానికి పెద్దగా హాని చేయదు. అద్దాన్ని చెడగొట్టే లోపం, ఆకారంలో వచ్చే నానోమీటర్ల తేడా, కంటికి అసలు కనిపించదు. కొత్తవాళ్లు మొదటిదానికి భయపడి పని ఆపేస్తారు, రెండోది ఉందన్న సంగతే తెలియక ధీమాగా ఉంటారు. ఏ రంగంలో చూసినా ఇంతేననుకుంటాను: బయటివాళ్లకు కనిపించే తప్పులంటే సిగ్గు, ఆ సిగ్గునే మనం భయం అనుకుంటాం. ఆ గీతలో సగం తర్వాతి పొడుల్లో పోయింది. మిగతా సగం ఉంది. ఉండనీ.

పిచ్

పాలిష్‌కు గాజు బిళ్ల మీద నేరుగా పని జరగదు. పైన్ చెట్ల జిగురు నుంచో తారు నుంచో తీసిన పిచ్ అనే నల్లటి పదార్థాన్ని కరిగించి, కింది బిళ్ల మీద పోసి, అది ఇంకా మెత్తగా ఉండగానే అద్దంతో ఒత్తి ఆ ఆకారం తీసుకోవాలి. తర్వాత చదరాలుగా కాలువలు కోయాలి. కాలువల మధ్యబిందువు బిళ్ల మధ్యకు రాకుండా కొంచెం పక్కకు జరపాలి, లేకపోతే అద్దం మీద వలయాలు వలయాలుగా అచ్చు పడుతుంది. పిచ్ గట్టిగా ఉన్నట్టు కనిపించే ద్రవం. వేలిగోరుతో నొక్కి పట్టుకుంటే మెల్లగా గుంట పడాలి. అసలు పడకపోతే గట్టి, ఇట్టే పడితే మెత్తన.

కాగితంలో కుడివైపు రాసుకున్నది ఇక్కడ వచ్చింది. పిచ్‌ను మంట మీద నేరుగా పెడితే అంటుకుంటుంది, చర్మం మీద పడితే ఊడి రాదు. ఆరుబయట, సన్నటి సెగ మీద, మూత దగ్గర పెట్టుకుని, పొడుగు చేతుల చొక్కా, కళ్లజోడుతో చేశాను. తొందర పడలేదు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క రోజు భయపడ్డాను, భయపడాల్సిన రోజు కూడా ఇదే. నిర్భయంగా ఉండమని కొత్తవాళ్లకు చెప్పేవాళ్లు ఈ తేడా చెప్పకుండా వదిలేస్తే అది సలహా అనిపించుకోదు.

పాలిష్

సీరియం ఆక్సైడ్ అనే పాలిష్ పొడి, నీళ్లు, తోపులు. రాయడానికి ఏమీ లేదు.

అదే సమస్య. ముతక పొడి దశలో గంటగంటకూ మార్పు కనిపించేది. ఇక్కడ గంటల తరబడి తోసినా అద్దం అలాగే ఉన్నట్టుంటుంది. మధ్యలో మెరుపు ముందొస్తుంది, అంచుల్లో బూడిద రంగు మిగిలిపోతుంది. "ఇది అయ్యే పని కాదేమో" అన్నది ఈ దశలో వచ్చే భయం. మొదట్లో వచ్చే భయంలా గుండె దడ పుట్టించదు. మెత్తగా, విసుగు వేషంలో వస్తుంది, అందుకే దాన్ని భయమని గుర్తుపట్టడం కష్టం. ఆరంభశూరులమంతా రాలిపోయేది ఇక్కడే.

దీనికి తెగింపు ఎలాంటి మందూ కాదు. తెగించడానికి ఎదురుగా ఏముంది? నాకు పనికొచ్చింది కొలత. చిన్న భూతద్దంతో అంచులో ఒక్క చోటనే, ప్రతిసారీ అదే చోట, కనిపించే గుంతలను లెక్కపెట్టి రాసుకోవడం. లెక్క తగ్గుతోందంటే పని జరుగుతోంది, నా మనసుకు ఏమనిపిస్తున్నా సరే.

హెర్షెల్ ఒకసారి పాలిష్ మీద నుంచి చెయ్యి తీయకుండా పదహారు గంటలు పనిచేశాడని, తానే నోట్లో ముద్దలు పెట్టానని కరొలైన్ రాసింది. లోహపు అద్దానికి అలా ఆగకుండా చేయాలని అప్పట్లో అనుకునేవారు. గాజుకు ఆ అవసరం లేదు, ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. కొత్తవాళ్లకు ఇలాంటి కథలు స్ఫూర్తినిస్తాయంటారు గానీ, నాకైతే ఎప్పుడూ అన్నం పెట్టిన ఆ చెల్లెలే గుర్తొస్తుంది. పక్కన అలాంటి మనిషి ఉంటే ధైర్యం సగం అక్కడి నుంచే వస్తుంది. అద్దాల చరిత్రలో ఈ సంగతి ఇంకోసారి కూడా కనిపిస్తుంది. 1920లో రస్సెల్ పోర్టర్ అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో యంత్రాల ఫ్యాక్టరీ పనివాళ్లను కూడగట్టి అద్దాల తయారీ నేర్పించాడు. వాళ్లలో చాలామందికి ఖగోళశాస్త్రం తెలియదు. పక్కవాడి అద్దం కూడా తనదాని లాగే సతాయిస్తోందని చూసినప్పుడు "నాకు చేతకాదు" అన్న ఆలోచన నిలబడదు. 1925లో ఆల్బర్ట్ ఇంగాల్స్ వాళ్ల గురించి సైంటిఫిక్ అమెరికన్ పత్రిక‌లో రాశాక ఆ పని దేశమంతా పాకింది.

ఫూకో టెస్టు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నింటికంటే నచ్చిన భాగం ఇది, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

1858 ప్రాంతంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లియాన్ ఫూకో కనిపెట్టిన పద్ధతి. అద్దాన్ని నిలబెట్టి, 2400 మిల్లీమీటర్ల దూరంలో, అంటే వక్రతా కేంద్రం దగ్గర, సన్నని చీలిక వెనక ఎల్‌ఈడీ పెట్టాలి. వెలుగు అద్దానికి తగిలి దాదాపు అక్కడికే తిరిగొస్తుంది. తిరిగొచ్చే చోట ఒక బ్లేడు అంచును మెల్లగా అడ్డం జరుపుతూ, వెనక నుంచి కన్ను పెట్టి అద్దం వైపు చూడాలి. పూత లేని గాజు తన మీద పడిన వెలుగులో నాలుగు శాతమే వెనక్కి పంపుతుంది, కానీ అది చాలు. అద్దం కచ్చితమైన గోళమైతే ఉపరితలమంతా ఒకేసారి బూడిద రంగులోకి వెళ్తుంది. తేడా ఉంటే గుంటలు, గట్లు నీడలుగా బయటపడతాయి, అవి నానోమీటర్ల ఎత్తే అయినా.

నమ్మకం కుదరక అద్దం మీద బొటనవేలు ఆనించి కాసేపు ఉంచి తీసి చూశాను. వేలు పెట్టిన చోట గుట్ట లేచింది! వేడికి గాజు వ్యాకోచించిన ఎత్తు అది. చల్లబడుతున్నకొద్దీ కళ్లముందే కుంగిపోయింది. దీంతో ఇంకోటి కూడా తెలిసింది: పాలిష్ పట్టిన వెంటనే టెస్టు చేయకూడదు. చేతుల వేడి తగ్గేదాకా అద్దాన్ని వదిలేసి, తర్వాత చూడాలి.

కొలత వచ్చాక మొదట నన్ను బెదరగొట్టిన 70 నానోమీటర్ల అంకె రూపమే మారిపోయింది. గోళానికి బదులు పరావలయ ఆకారం (దూరపు చుక్క నుంచి వచ్చే కాంతినంతా ఒకే బిందువుకు చేర్చేది) కావాలంటే, దీపాన్ని కదపకుండా బ్లేడును మాత్రమే జరిపే అమరికలో, అద్దం మధ్య భాగానికీ అంచు భాగానికీ బ్లేడు స్థానంలో తేడా 75 వర్గాన్ని 2400తో భాగించినంత ఉండాలి: 2.34 మిల్లీమీటర్లు. స్కేలు మీద చూడగలిగే దూరం! గాజు మీద నానోమీటర్లు బల్ల మీద మిల్లీమీటర్లయ్యాయి. ఇంతకుముందు "నేను చేయగలనా?" అని ఉన్న ప్రశ్న ఇప్పుడు "రీడింగు ఎంత?" అని మారింది. రెండో ప్రశ్నకు జవాబు ఉంటుంది. కొత్తగా ఏ కష్టమైన పనికి దిగేవాళ్లైనా, పనిలో నైపుణ్యం కంటే ముందు ఇలాంటి ఒక పరీక్షను చేతిలో పెట్టుకోవాలనేది నా పక్షం. తప్పు చేశామో లేదో వెంటనే తెలిసే ఏర్పాటుంటే, తప్పు చేయడానికి అంత భయం వేయదు.

అలాగని పరీక్ష ఉంది కదా అని కళ్లు మూసుకోకూడదు కూడా. 1990లో కక్ష్యలోకి పంపిన హబుల్ టెలిస్కోపు ప్రధాన దర్పణం అంచు దగ్గర 2.2 మైక్రాన్లు తప్పు ఆకారంలో ఉంది. దాన్ని చేసింది అనుభవం పండినవాళ్లే. పరీక్షించే పరికరంలో ఒక కటకం ఉండాల్సిన చోటుకు 1.3 మిల్లీమీటర్ల తేడాతో అమరింది. వేరే పరీక్షల్లో తేడా కనిపించినా, ఆ పరికరాలు అంత కచ్చితమైనవి కావని కొట్టిపారేశారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిచేసే ఏర్పాటు అమర్చారు. అందుకని నేను దూరాలను రెండు వేర్వేరు టేపులతో కొలుస్తున్నాను, రీడింగులను అద్దాన్ని తిప్పి పెట్టి మళ్లీ తీసుకుంటున్నాను.

అంచు వాలింది

టెస్టులో అంచు చుట్టూ సన్నటి పట్టీ కిందికి వాలినట్టు కనిపించింది. చేత్తో చేసే అద్దాల్లో ఇది చాలా మామూలు. పిచ్ మెత్తగా ఉన్నా, తోపు పొడుగ్గా ఉన్నా, అంచు మీద బరువు పడినా వస్తుంది. పిచ్‌ను మళ్లీ ఒత్తి, తోపు పొడవు తగ్గించి, చేతులను అద్దం మధ్యకు తెచ్చి కొనసాగించాను. తగ్గడానికి సమయం పట్టింది, తగ్గింది. దీని గురించి ఇంతకంటే రాయాల్సిందేం లేదు, ఎడమవైపు కాగితంలోని విషయం.

గోళం దగ్గర ఆగాలా?

అసలు ఇబ్బంది ఇప్పుడొచ్చింది.

అద్దం ఇప్పుడు చక్కని గోళం. టెస్టులో ఒక్కసారిగా బూడిద రంగులోకి వెళ్తోంది. ఆరంగుళాల ఎఫ్/8 అద్దం గోళంగానే ఉండిపోతే తరంగంలో వచ్చే తేడా లెక్క ప్రకారం సుమారు 140 నానోమీటర్లు. రేలీ హద్దు 137. అంటే సరిగ్గా హద్దు మీదే. ఇలాగే ఆపేసినా చంద్రుడు, గ్రహాలు బాగానే కనిపిస్తాయి. పరావలయంగా మార్చాలంటే మధ్యలో ఇంకొంచెం లోతు చేయాలి. అవసరమైన మార్పు ఒక మైక్రానులో పదో వంతు కూడా ఉండదు.

నాకు చెయ్యి రాలేదు. 80 నంబరు పొడితో గాజును బరబరా గీకినప్పుడు లేని జంకు, ఇప్పుడు మెత్తటి పిచ్ మీద నాలుగు తోపులు తోయడానికి వచ్చింది. కారణం తెలుసు. అప్పుడు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, వట్టి గాజు బిళ్ల. ఇప్పుడు చేతిలో ఒక మంచి అద్దం ఉంది. కొత్తవాళ్ల తెగువ గురించి అందరూ మొదటి అడుగు దగ్గరే మాట్లాడతారు. ఆ అడుగుకు కావాల్సిన ధైర్యంలో సగం తెలియనితనమే ఇచ్చేస్తుంది. నా అనుభవంలో ధైర్యం నిజంగా తక్కువపడేది పని సగానికి పైగా బాగా వచ్చాకే. కాస్త బాగున్నదాన్ని చెడగొట్టుకుంటామేమో అన్న బెంగ కొత్తవాణ్ణి ఉన్నట్టుండి పాతవాడిలా జాగ్రత్తపరుణ్ణి చేస్తుంది.

ఈ జాగ్రత్తకు లొంగని మనిషి జాన్ డాబ్సన్. శాన్ ఫ్రాన్సిస్కోలోని వేదాంత సొసైటీ మఠంలో సన్యాసి. 1950లలో, మఠంలో ఉంటూనే, ఓడ కిటికీలకు వాడే గాజును అరగదీసి అద్దాలు చేయడం మొదలుపెట్టాడు. అంత పెద్ద అద్దాలకు అంత పల్చటి గాజు పనికిరాదన్నది అప్పటి శాస్త్రం తెలిసినవాళ్ల మాట. అట్ట గొట్టాలు, చెక్క పెట్టెలతో వాటిని నిలబెట్టి, దారిన పోయేవాళ్లకు చంద్రుణ్ణి చూపించాడు. ఆ పిచ్చి ముదిరి 1967లో మఠం వదలాల్సి వచ్చింది, మరుసటి ఏడాది సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్ బృందం పుట్టింది. ఇవాళ పెద్ద టెలిస్కోపు సొంతంగా కట్టుకునేవాళ్లలో ఎక్కువమంది వాడే నమూనా అతని పేరు మీదే ఉంది. అతనిలో నాకు నచ్చేది ధిక్కారం కంటే ఇది: కాదన్నవాళ్లతో వాదన పెట్టుకోకుండా అద్దం చేసి, అందులోంచి చూడమన్నాడు.

కాగితం మళ్లీ తీశాను. "పరావలయం చెడితే" అన్నది ఎటువైపు? మామూలు తోపులతో కొంతసేపు పాలిష్ పడితే అద్దం మళ్లీ గోళం వైపు వస్తుంది. ఎడమ. వెనక్కి తీసుకోగలిగినదే. పోయేది నా సమయం, దానికి కొరత లేదు. ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

అద్దం పైన, తోపు పక్కలకు కాస్త జరుగుతూ డబ్ల్యూ ఆకారంలో, కొద్ది నిమిషాలే. తర్వాత చల్లబడనిచ్చి టెస్టు. మళ్లీ కొద్ది నిమిషాలు, మళ్లీ టెస్టు. నీడల్లో మెల్లగా మధ్యలో గుంట, చుట్టూ గట్టు ఏర్పడ్డాయి. రీడింగు 2.34 దాటి పోయింది, కోరినదానికంటే లోతు. ఇక్కడ నేనే చూసి ఆశ్చర్యపోయాను: ఏమీ అనిపించలేదు. మామూలు తోపులతో వెనక్కి తెచ్చాను. ఇంకోసారి ముందుకు. అంచుకూ మధ్యకూ నడుమ ఉన్న వలయం దగ్గర, 53 మిల్లీమీటర్ల వ్యాసార్థంలో, రీడింగు సగం, 1.17 రావాలి. అది మొండికేసింది, మిగతా రెండూ కుదిరాక కూడా. చివరికి మూడూ నా కొలత పొరపాటు హద్దుల్లోకి వచ్చాయి. అక్కడ ఆపాను. ఇంకా నునుపు చేయొచ్చు, కానీ నా టెస్టు చూపించలేని తేడాను సరిచేస్తూ కూర్చోవడం నాకిష్టం లేదు.

ప్రస్తుత పరిస్థితి

అద్దం అల్యూమినియం పూతకు వెళ్లింది. శూన్యపు గదిలో లోహాన్ని ఆవిరిచేసి, సుమారు 100 నానోమీటర్ల మందాన గాజు మీద పేరుకునేలా చేస్తారు. నాలుగు శాతం ప్రతిఫలించే గాజు దాదాపు 90 శాతానికి చేరుతుంది. ఈ ఒక్క పనీ ఇంట్లో పెట్టుకోలేదు, పెట్టుకోవాలనీ లేదు.

ఈలోగా అద్దాన్ని మోసే పలక, పక్కకు మళ్లించే చిన్న చదును అద్దానికి కాళ్లు, చెక్క పెట్టె మిగిలాయి. పలక మీద అద్దాన్ని బిగించకూడదు, మూడు చోట్ల ఆనుకుని వదులుగా కూర్చోవాలి. బిగిస్తే ఇన్నాళ్లూ తెచ్చిన ఆకారం వంగిపోతుంది. చెక్క పని కూడా నాకు కొత్తే. కాగితం తిప్పి వెనకవైపు మళ్లీ గీత గీశాను. రంపం కుడివైపు చేరింది, మిగతావన్నీ ఎడమవైపు.